ఇంజన్ గది: చుక్కలు కలిశాయి, బండి లాగట్లేదు

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కామ్‌షాఫ్ట్ (కామ్ – లోబులనే ఉబ్బులతో వాల్వులను తెరిచి మూసే కడ్డీ) గురించి అడిగినవి ఏరి ఒకచోట పెట్టాం. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది. మిగతా జవాబులకు అదే పునాది కాబట్టి ముందు దాన్ని చదవండి.

ప్రశ్న: నాది 1298 సీసీ, 16 వాల్వుల ఎస్టీమ్. పెర్ఫార్మెన్స్ కామ్ తెప్పించి వేయించాను. దాంతో వచ్చిన కాగితంలో డ్యూరేషన్ 270, లోబ్ సెపరేషన్ 110, ఇన్‌టేక్ సెంటర్‌లైన్ 106 అని ఉంది. నాలుగు వేల ఆర్పీఎం దాటాక బాగానే పరిగెడుతోంది గానీ కింద పికప్ బొత్తిగా లేదు. మా మేస్త్రిని అడిగితే “చుక్కలన్నీ కలిపే వేశాను బాబూ, నా తప్పేటీ లేదు” అంటున్నాడు. లోపం ఎక్కడుంది?
– విజయనగరం పాఠకుడు

జవాబు: ముందు కాగితంలో మాటలు. డ్యూరేషన్ అంటే వాల్వు తెరిచి ఉండే కాలం, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీ) డిగ్రీల్లో. ఇన్‌టేక్ సెంటర్‌లైన్ అంటే టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోటు) దాటి ఎన్ని డిగ్రీలకు ఇన్‌టేక్ వాల్వు పూర్తిగా తెరుచుకుంటుందో ఆ అంకె. లోబ్ సెపరేషన్ అంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల శిఖరాల మధ్య కోణం, కామ్ డిగ్రీల్లో. ఇక మీ మేస్త్రి మాట నిజమే అయ్యుంటుంది. చుక్కలు కలిసినా కామ్ తప్పుగా కూర్చోవచ్చు. టైమింగ్ కలపడానికి పుల్లీ మీద పెట్టిన చుక్క చెప్పేది పుల్లీ ఎక్కడుందో మాత్రమే. లోబు ఎక్కడుందో అది చెప్పదు. కామ్ గ్రైండ్ చేసినప్పుడు పిన్ను చోటు నుంచి లోబు ఒక డిగ్రీ జరిగి ఉండొచ్చు, పుల్లీ గాడి కాస్త వదులై ఉండొచ్చు, క్రాంక్ చాబీ (పుల్లీని జారకుండా పట్టే ముక్క) అరిగి ఉండొచ్చు, హెడ్డు ఇంతకుముందే ఒకసారి ఫేసింగ్ (అడుగు చెక్కి చదును చెయ్యడం) అయి ఉండొచ్చు. విడివిడిగా చూస్తే ఒక్కోటీ చిన్నదే. అన్నీ ఒకే వైపు కలిశాయంటే నాలుగైదు డిగ్రీలు పోతాయి. కంపెనీ కామ్‌తో ఆ తేడా తెలియకపోవచ్చు. డ్యూరేషన్ ఎక్కువున్న కామ్‌తో మాత్రం కింద పికప్ మొత్తం పోతుంది. అందుకే కొలిచి చూడాలి.

కావలసిన సామాను: డిగ్రీలు గీసిన చక్రం, అయస్కాంతం స్టాండుతో డయల్ గేజి, పిస్టన్ స్టాపు, ముల్లుగా వాడడానికి గట్టి తీగ ముక్క. చక్రం కనీసం 250 మి.మీ. వ్యాసం ఉండాలి. అంత చక్రం మీద ఒక్కో డిగ్రీకి 2 మి.మీ. పైగా చోటు దొరుకుతుంది. అరచేతిలో పట్టే చక్రం మీద ఒక డిగ్రీ మిల్లీమీటరు కూడా రాదు, చూపు తప్పుతుంది. పిస్టన్ స్టాపు లేత్ షెడ్డులో చేయించుకోవచ్చు. పాత స్పార్క్ ప్లగ్గు లోపలి పింగాణీ తీసేసి, మరలు కోయించి, పొడుగు బోల్టు ఎక్కించి, నట్టుతో బిగించాలి. బోల్టు కొస గుండ్రంగా అరగదీయించండి, లేకపోతే పిస్టన్ నెత్తి మీద గాటు పడుతుంది.

మొదటి పని అసలైన టీడీసీ పట్టుకోవడం. డయల్ గేజి ఒక్కదానితో ఇది సరిగ్గా రాదు. పిస్టన్ పైకొచ్చాక కాసేపు నిలబడ్డట్టే ఉంటుంది. 75.5 మి.మీ. స్ట్రోకున్న మీ ఇంజన్‌లో క్రాంక్ టీడీసీ నుంచి 3 డిగ్రీలు జరిగినా పిస్టన్ దిగేది సుమారు 0.07 మి.మీ. మాత్రమే. కాబట్టి స్టాపు వాడండి. ప్లగ్గులు నాలుగూ తీసి, ఒకటో సిలిండరు పిస్టన్‌ని కాస్త కిందికి దించి, స్టాపు బిగించండి. పానాతో చేత్తోనే క్రాంక్‌ని మెల్లగా తిప్పి, పిస్టన్ స్టాపుకి తగిలిన చోట చక్రం మీద అంకె రాసుకోండి. తర్వాత వెనక్కి తిప్పి రెండో వైపు తగిలిన అంకె రాసుకోండి. ఒక వైపు 28, రెండో వైపు 34 వచ్చాయనుకోండి. కూడితే 62, సగం 31. రెండు వైపులా 31 చూపేలా ముల్లుని 3 డిగ్రీలు జరిపితే ఆ సున్నాయే నిజమైన టీడీసీ. స్టాపు లోపల ఉన్నంతసేపు సెల్ఫ్ కొట్టకూడదు. దారిలో వాల్వు ఏదైనా స్టాపుకి తగులుతున్నట్టు అనిపిస్తే బలం పెట్టకుండా ఆపేయండి.

ఇక లోబు. స్టాపు తీసేసి, ఒకటో సిలిండరు ఇన్‌టేక్ వాల్వు రిటైనరు (స్ప్రింగు పైన ఉండే టోపీ) మీద డయల్ గేజి ముల్లు ఆనించండి. వాల్వు నడిచే దిశలోనే గేజి నిలబడాలి. వంకరగా పెడితే లెక్క తప్పుతుంది. క్రాంక్ తిప్పుతూ వాల్వు పూర్తిగా దిగిన చోట గేజిని సున్నా చెయ్యండి. తర్వాత 2.5 మి.మీ. దాకా వెనక్కి తిప్పి, మళ్ళీ ఇంజన్ తిరిగే వైపుకే వస్తూ, గరిష్ఠానికి 1.27 మి.మీ. ముందు ఆగి చక్రం చూడండి. 1.27 మి.మీ. అంటే కామ్ కాగితాల్లో కనిపించే 0.050 అంగుళం. అలాగే ముందుకు తిప్పుతూ గరిష్ఠం దాటి మళ్ళీ 1.27 మి.మీ. తగ్గిన చోట రెండో అంకె రాసుకోండి. మొదటిది టీడీసీ తర్వాత 78, రెండోది 144 వచ్చాయనుకుందాం. కూడి సగం చేస్తే 111. కాగితం 106 అంటోంది. అంటే మీ కామ్ 5 డిగ్రీలు ఆలస్యంగా నడుస్తోంది. కింద పికప్ పోవడానికి ఆ మాత్రం చాలు.

ఏ అంకె రాసుకునేటప్పుడైనా ఇంజన్ నడిచే వైపు తిప్పుతూనే ఆగాలి. దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి జరపకండి. బెల్టు వదులు రెండో వైపుకి పోయి, ఒకటి రెండు డిగ్రీలు అబద్ధం చెబుతుంది. బాగా వెనక్కి వెళ్ళి మళ్ళీ రండి. కొలత రెండుసార్లు తీసుకోండి. రెండింటికీ తేడా ఒక డిగ్రీ దాటితే స్టాండు కదిలిందో, చక్రం జారిందో చూసుకోవాలి.

ఈ 5 డిగ్రీలు బెల్టు పన్ను మార్చి సరిచెయ్యలేరు. కామ్ పుల్లీకి 40 పళ్ళుంటే ఒక పన్ను జరిపితే కామ్ 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు తిరుగుతుంది. మీ పుల్లీ పళ్ళు లెక్కపెట్టి 720ని ఆ అంకెతో భాగించండి, క్రాంక్ డిగ్రీలు తెలుస్తాయి. కావలసింది వెర్నియర్ పుల్లీ, అంటే కామ్‌ని కొద్దికొద్దిగా జరిపి బిగించగల పుల్లీ. దాని మీద గీతలు కామ్ డిగ్రీలవా, క్రాంక్ డిగ్రీలవా అన్నది ముందు తేల్చుకోండి. కామ్ డిగ్రీలైతే 5 కావాలంటే రెండున్నర గీతలే జరపాలి. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు, కావలసినదానికి రెట్టింపు జరిపేస్తారు. జరిపాక మళ్ళీ కొలవండి, గీతను నమ్మి వదిలెయ్యకండి.

మీ మోడల్‌లో కామ్ చివర డిస్ట్రిబ్యూటరు ఉంటే ఇంకో మెలిక ఉంది. కామ్‌ని ముందుకు జరిపితే దానితోపాటు ఇగ్నిషన్ కూడా 5 డిగ్రీలు ముందుకొస్తుంది. టైమింగ్ లైటు పెట్టి ఇగ్నిషన్ మళ్ళీ సరిచేయించాకే బండి రోడ్డెక్కించండి.

ప్రశ్న: హెడ్డు 1 మి.మీ. ఫేసింగ్ చేయించాను, కంప్రెషన్ పెరుగుతుందని. బెల్టు ఇంజనే. టైమింగ్‌లో ఏమైనా మార్చాలా?
– శ్రీకాకుళం

జవాబు: మార్చాలి. హెడ్డు కిందికి దిగితే కామ్ పుల్లీ క్రాంక్‌కి దగ్గరవుతుంది. బెల్టులో లాగే వైపు మిల్లీమీటరు వదులవుతుంది, ఆ వదులుకి సరిపడా కామ్ వెనక్కి తిరుగుతుంది. పన్నుకీ పన్నుకీ 8 మి.మీ. దూరంతో 40 పళ్ళున్న పుల్లీ అయితే చుట్టుకొలత 320 మి.మీ. అక్కడ 1 మి.మీ. అంటే కామ్ మీద 1.1 డిగ్రీ, క్రాంక్ మీద 2.2 డిగ్రీలకు కాస్త ఎక్కువ. చైను సాగినా కామ్ ఇలాగే ఆలస్యమవుతుంది.

దీనికంటే ముందు చూడాల్సింది వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య చోటు. అది కూడా దాదాపు మిల్లీమీటరు తగ్గింది. కంపెనీ కామ్‌తో ఎప్పుడూ తగలని ఇంజన్ ఇప్పుడు తగలొచ్చు. కొలిచే పద్ధతి రాజాం ఉత్తరం కింద ఉంది. బండి స్టార్ట్ చెయ్యకముందే కొలవండి.

ప్రశ్న: మాది సాలూరు. వారానికి రెండుసార్లు ఘాట్ ఎక్కి సుంకి వైపు వెళ్తాం. వెర్నియర్ పుల్లీ వేయించుకున్నా. మలుపు తిరిగాక రెండో గేరులో బండి కక్కుకుంటోంది. కామ్ ముందుకు జరపాలా, వెనక్కా?

జవాబు: ముందుకు. ఎందుకో తెలిస్తే ఎంతవరకు జరపాలో కూడా తెలుస్తుంది.

కింద పికప్‌ని నిర్ణయించేది ముఖ్యంగా ఇన్‌టేక్ వాల్వు మూసుకునే సమయం. పిస్టన్ అడుగుకి చేరి మళ్ళీ పైకి లేస్తున్నప్పుడు కూడా ఆ వాల్వు తెరిచే ఉంటుంది. 270 డ్యూరేషన్, 106 సెంటర్‌లైన్ ఉన్న కామ్‌లో అడుగు దాటి 61 డిగ్రీల దాకా మూసుకోదు. ఆర్పీఎం ఎక్కువున్నప్పుడు గాలి వచ్చే ఊపుకి సిలిండరు ఇంకా నిండుతూనే ఉంటుంది. రెండు వేల దగ్గర ఆ ఊపు ఉండదు. నిండిన గాలిని పిస్టన్ మళ్ళీ మ్యానిఫోల్డులోకి (గాలి వచ్చిన గొట్టంలోకి) తోసేస్తుంది. ఘాట్ మలుపులో మీ బండి కక్కుకోవడానికి కారణం అదే. కామ్‌ని 4 క్రాంక్ డిగ్రీలు ముందుకు జరిపితే వాల్వు 57 దగ్గరే మూసుకుంటుంది, వెనక్కి పోయే గాలి తగ్గుతుంది. దానికి బదులుగా పైన ఆర్పీఎంలో కొంత బలం పోతుంది. ఘాట్‌లో దానితో మీకు పనిలేదు.

ఒకేసారి 2 క్రాంక్ డిగ్రీలకు మించి జరపకండి. జరిపిన ప్రతిసారీ అదే మలుపు, అదే గేరు, బండిలో అంతే బరువుతో పరీక్షించండి. మొత్తం 4 దాటితే లాభం కంటే తలనొప్పే ఎక్కువ. కామ్ ముందుకొచ్చేకొద్దీ సిలిండరులో నిజంగా నలిగే గాలి పెరుగుతుంది, ఎండ కాసే మధ్యాహ్నం ఎక్కుడులో నాకింగ్ మొదలవుతుంది. గులకరాళ్ళు డబ్బాలో వేసి ఊపినట్టు శబ్దం వస్తే యాక్సిలరేటరు వదిలి, ఇగ్నిషన్ రెండు డిగ్రీలు తగ్గించండి. అప్పటికీ వస్తుంటే కామ్‌ని కూడా కాస్త వెనక్కి జరపండి. కామ్ ముందుకు జరిపితే ఇన్‌టేక్ వాల్వు పిస్టన్‌కి దగ్గరవుతుంది, వెనక్కి జరిపితే ఎగ్జాస్ట్ వాల్వు దగ్గరవుతుంది. ఏ వైపు జరిపినా ఆ చోటు మళ్ళీ చూసుకోవాలి.

ప్రశ్న: కాలేజీ పోటీ కోసం ఒక్క సిలిండరు డబుల్ కామ్ బైక్ ఇంజన్‌తో కారు చేస్తున్నాం. లిఫ్ట్ (వాల్వు తెరుచుకునే దూరం) ఎక్కువున్న కామ్‌లు వేశాం. వాల్వులు పిస్టన్‌కి తగలవని ఎలా నిర్ధారించుకోవాలి? రెండు కామ్‌లనీ విడివిడిగా జరిపితే ఏమవుతుంది?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, రాజాం

జవాబు: పిల్లలు బొమ్మలు చేసుకునే రంగుల క్లే స్టేషనరీ షాపులో కొనండి. కుండల మట్టి వాడొద్దు, అందులో ఇసుక ఉంటుంది. పిస్టన్ మీద వాల్వు గుంటల్లో క్లే 5 మి.మీ. మందాన పరిచి, పైన రెండు చుక్కలు నూనె రాయండి, వాల్వుకి అంటుకోకుండా. ఒకసారి వాడి తీసిన హెడ్ గ్యాస్కెట్ ఉంటే అదే పెట్టండి, బిగించినప్పుడు ఎంత నలగాలో అప్పటికే నలిగి ఉంటుంది. హెడ్డు పూర్తి టార్క్‌తో బిగించి, టాపెట్ క్లియరెన్సులు (వాల్వుల సందులు) సరిచేసి, టెన్షనరు బిగించి, క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. కామ్ ఒక చుట్టు తిరగాలంటే క్రాంక్ రెండు చుట్లు తిరగాలి. ఒక్క చుట్టుతో ఆపితే కొలత సగమే. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చెయ్యకండి, అక్కడ వాల్వు తగిలిందని అర్థం.

హెడ్డు విప్పి, క్లేని పదునైన బ్లేడుతో అడ్డంగా కోసి, అన్నిటికంటే పలచగా ఉన్నచోట వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. ఇన్‌టేక్ వైపు కనీసం 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు కనీసం 2.5 మి.మీ. ఉండాలి. ఎగ్జాస్ట్‌కి ఎక్కువ ఎందుకంటే ఆ వాల్వు వేడికి సాగుతుంది. పైగా పిస్టన్ దాన్ని తరుముకుంటూ పైకొస్తుంది. ఆర్పీఎం మితిమీరి స్ప్రింగు కాస్త తడబడితే ముందు వంగేది అదే. వాల్వు అంచుకీ గుంట గోడకీ మధ్య పక్క చోటు కూడా చూడండి, గుంట లోతు చాలినా అంచు రాసుకోవచ్చు.

డయల్ గేజితో కూడా చూడొచ్చు. అసలు స్ప్రింగు తీసి పలుచటి స్ప్రింగు వేసి, క్రాంక్‌ని ఒక్కో చోట ఆపి, వాల్వుని వేలితో పిస్టన్‌కి తగిలే దాకా నొక్కి గేజి చదవాలి. ఇన్‌టేక్ వాల్వు పిస్టన్‌కి బాగా దగ్గరయ్యేది సాధారణంగా టీడీసీ దాటాక 5 నుంచి 15 డిగ్రీల మధ్య. ఎగ్జాస్ట్ అంతే దూరంలో టీడీసీకి ముందు. ఆ మధ్య ప్రతి రెండు డిగ్రీలకూ ఒక కొలత తీసుకోండి.

రెండో ప్రశ్నకి: డబుల్ కామ్‌లో ఇన్‌టేక్‌కి ఒక కామ్, ఎగ్జాస్ట్‌కి ఒక కామ్ కాబట్టి లోబ్ సెపరేషన్ మీ చేతిలోనే ఉంది. ఇన్‌టేక్ సెంటర్‌లైన్ 106, ఎగ్జాస్ట్ 114 అయితే సగటు 110. రెండూ 270 డ్యూరేషన్ అయితే ఓవర్‌ల్యాప్ (రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే కాలం) 270 లోంచి 110కి రెట్టింపు 220 తీసేస్తే 50 డిగ్రీలు. ఇన్‌టేక్ ఒక్కటే 102కి తెస్తే సెపరేషన్ 108, ఓవర్‌ల్యాప్ 54. మధ్య ఆర్పీఎంలో బలం కాస్త పెరుగుతుంది, స్లో రన్నింగ్ కాస్త చెడుతుంది. దాంతోపాటు ఇన్‌టేక్ వాల్వు పిస్టన్‌కి దగ్గరవుతుంది. అందుకే ఎంత దూరం జరపాలనుకుంటున్నారో ఆ చివరి స్థానంలో కామ్ పెట్టి క్లే పరీక్ష చెయ్యండి, మామూలు స్థానంలో చేసి ఊరుకోవద్దు. చైను ఇంజన్‌ని వెనక్కి తిప్పేటప్పుడు టెన్షనరు వదులై పన్ను దాటే ప్రమాదం ఉంది, ఆ కాసేపూ ఒకరు చైను మీద వేలు పెట్టి ఉంచండి.

ప్రశ్న: 1489 సీసీ అంబాసిడర్‌కి కొత్త కామ్ వేసి రెండు నెలలైంది. టాపెట్లు ఎన్నిసార్లు సర్దినా మళ్ళీ టకటక. విప్పి చూస్తే రెండు లోబులు గుండ్రంగా అరిగిపోయాయి. పాత టాపెట్లు బాగానే ఉన్నాయని అవే వేశాం. కామ్‌దే లోపమా?
– బొబ్బిలి

జవాబు: లోపం ఆ పాత టాపెట్లదే (లోబు మీద ఆని వాల్వుని కదిలించే ముక్కలదే) అయ్యుండాలి. చూపుకి అవి చదునుగా కనిపిస్తాయి గానీ, అలాంటి కామ్‌లో లోబు కాస్త ఏటవాలుగా, టాపెట్ ముఖం కాస్త ఉబ్బుగా చేసి ఉంటాయి. ఆ రెండింటి వల్లే నడుస్తున్నప్పుడు టాపెట్ తన చుట్టూ తాను తిరుగుతుంది. తిరిగితేనే అరుగుదల అంతటా సమంగా పంచుకుంటుంది. పాత టాపెట్ తన పాత లోబుకి అలవాటుపడి ముఖం పోగొట్టుకుని ఉంటుంది. కొత్త లోబు మీద తిరగకుండా ఒకేచోట గీరుతుంది, పైపొర పోయాక లోబు వెన్నలా కరుగుతుంది. కొత్త కామ్‌కి కొత్త టాపెట్లు తప్పనిసరి. పాత స్టీలు స్కేలు అంచు టాపెట్ ముఖం మీద ఆనించి వెలుగుకి పట్టి చూడండి. మధ్యలో సందు కనిపిస్తే ఆ టాపెట్ అయిపోయినట్టే.

మొదటి ఇరవై నిమిషాలు కూడా అంతే ముఖ్యం. లోబులకీ టాపెట్ ముఖాలకీ మాలిబ్డినం పేస్టు దట్టంగా రాయాలి. నీళ్ళు, నూనె, ఇగ్నిషన్ అన్నీ ముందే సరిచూసి, కార్బొరేటరు తొట్టి నింపి, సెల్ఫ్ కొట్టగానే అందుకునేలా ఉంచాలి. అందుకోగానే 2000కి లేపి, 2000–2500 మధ్య కొద్దిగా మారుస్తూ 20 నుంచి 30 నిమిషాలు నడపాలి. స్లో రన్నింగ్‌లో వదలకూడదు. ఈ ఇంజన్లలో లోబులకి నూనె ముఖ్యంగా క్రాంక్ విసిరే తుంపర నుంచే వస్తుంది, నెమ్మదిగా తిరిగితే ఆ తుంపర చాలదు. మధ్యలో ఏదైనా కారితే ఇంజన్ ఆపేసి, సరిచేసి, మళ్ళీ నేరుగా 2000కే లేపండి. డబుల్ స్ప్రింగులు వేసి ఉంటే ఈ ఇరవై నిమిషాలకీ లోపలి స్ప్రింగులు తీసి ఉంచండి.

నూనె విషయంలో ఖరీదైన పలుచటి కొత్త రకం మంచిదనుకోకండి. పొగ శుద్ధి చేసే కన్వర్టరు పాడవకూడదని పలుచటి కొత్త నూనెల్లో జింక్, ఫాస్ఫరస్ ఉన్న అరుగుదల ఆపే మందు (జెడ్‌డీడీపీ) తగ్గించారు. ఇలాంటి టాపెట్‌కి అదే ప్రాణం. లారీలకు పోసే 15డబ్ల్యూ-40 సీఐ-4 రకంలో అది ఎక్కువుంటుంది. బ్రేక్-ఇన్ (పైన చెప్పిన మొదటి నడక) అయ్యాక నూనె, ఫిల్టరు రెండూ మార్చండి.

మీ ఇంజన్‌లో రెండు లోబుల ఇనుము పొడై నూనెలో తిరిగింది. కొత్త కామ్, టాపెట్లు వేసి ఊరుకుంటే ఆ పొడి బేరింగులను తినేస్తుంది. ఇంజన్ పూర్తిగా విప్పించి, క్రాంక్ నూనె దారులు డీజిల్‌తో కడిగించి గాలి కొట్టించండి, నూనె పంపు కూడా విప్పి చూడండి. ఖర్చు బాధగానే ఉంటుంది, కానీ దీనికి అడ్డదారి లేదు.

ప్రశ్న: 300 డ్యూరేషన్ కామ్ వేస్తే సిగ్నల్ దగ్గర రేస్ కారులా గుర్రుమంటుందట. రోజూ వాడే కారుకి వేసుకోవచ్చా?
– టెక్కలి

జవాబు: వద్దు. ఆ గుర్రు బలం శబ్దం కాదు. ఓవర్‌ల్యాప్ ఎక్కువై, కాలిన పొగ వెనక్కి మ్యానిఫోల్డులోకి వస్తే వచ్చే తడబాటు. మ్యానిఫోల్డు వ్యాక్యూమ్ పడిపోతుంది. బ్రేక్ బూస్టరు నడిచేది దానితోనే. ట్రాఫిక్‌లో మెల్లగా వెళ్తూ వరుసగా రెండు మూడుసార్లు బ్రేక్ నొక్కితే పెడలు రాయిలా గట్టిపడుతుంది. రోజూ తిరిగే కారుకి 260–270 డ్యూరేషన్, 110కి తగ్గని సెపరేషన్ చాలు. ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తప్పు. పొగ పరీక్షలో కూడా అంత పెద్ద కామ్ గట్టెక్కదు.

ప్రశ్న: డబుల్ కామ్ ఇంజన్‌లో కామ్‌ని బిగించి పట్టే క్యాపులు విప్పుతుంటే కామ్ టప్‌మని రెండు ముక్కలైంది. పోత లోపమా?
– పార్వతీపురం మెకానిక్

జవాబు: విప్పిన వరుస తప్పు. కొన్ని వాల్వులు తెరిచి ఉన్నప్పుడు స్ప్రింగులు కామ్‌ని కింద నుంచి ఎత్తుతుంటాయి. ఒక చివరి క్యాపు పూర్తిగా విప్పేస్తే ఆ చివర లేస్తుంది, మిగతాది కింద పట్టి ఉంటుంది. పోత ఇనుప కడ్డీ ఆ వంపుని భరించలేదు. ముందుగా ఆ సిలిండరు బ్యాంకు మీద లోబుల ఒత్తిడి తక్కువుండే స్థితికి క్రాంక్ తిప్పుకోండి. తర్వాత మాన్యువల్ వరుసలో, అది లేకపోతే చివరల నుంచి మధ్యకి, ఒక్కో బోల్టూ అర చుట్టు చొప్పున అన్నీ తిరిగి వస్తూ విప్పాలి. బిగించేటప్పుడు మధ్య నుంచి చివరలకి, మళ్ళీ అర చుట్టు చొప్పునే. క్యాపుల మీద అంకెలు, బాణం గుర్తులు చూసి ఎక్కడిది అక్కడే పెట్టండి. హెడ్డుతో కలిపి బోరింగ్ చేసినవి కాబట్టి తారుమారైతే కామ్ పట్టేస్తుంది. వాల్వులను నొక్కే బకెట్లు, రాకర్లు పెట్టకముందే కామ్‌ని ఒంటరిగా క్యాపులతో బిగించి రెండు వేళ్ళతో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే సరే. ఒకచోట బిగుసుకుంటుంటే ఆ క్యాపు కింద చెత్తో, జర్నల్ (క్యాపు పట్టే కామ్ భాగం) మీద గాటో ఉంటుంది. అది తేలేదాకా బెల్టు ఎక్కించవద్దు.